ఢిల్లీ కనకాంబరం తోట ఎందుకు ఎండింది: ఒక కేస్ స్టడీ

కనకాంబరం తోట ఎండుతోందని ఎవరు పిలిచినా నేను ముందు రకం గురించి అడుగుతాను. మందుల సంగతి తర్వాత. రకం తెలిస్తే ఆ మొక్క గింజ నుంచి వచ్చిందో, కొమ్మ నుంచి వచ్చిందో తెలుస్తుంది. అది తెలిస్తే రోగం ఏ దారిన తోటలోకి అడుగుపెట్టిందో సగం తేలిపోతుంది. పూల సాగులో సలహాలిచ్చే పనిలో ఇది నాకు చాలాసార్లు పనికొచ్చింది. అన్నిటికంటే స్పష్టంగా కనిపించిన తోట గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. తోటవాళ్లు రాసుకోమన్నారు. వాళ్ల పేరు, ఊరి పేరు మాత్రం రాయడం లేదు.

తోట శ్రీ సత్యసాయి జిల్లాలో, హిందూపురానికి దగ్గర్లోని ఒక పల్లెలో ఉంది. అరెకరం ఎర్ర గరప నేల. బోరు నీళ్లు, డ్రిప్పు. భార్యాభర్తలిద్దరూ తెల్లవారకముందే పూలు కోసి, ఎండ ఎక్కేలోగా హిందూపురం చేరుస్తారు. పండగల ముందు బెంగళూరు వెళ్లే వ్యాపారికి నేరుగా ఇస్తారు. కనకాంబరానికి వాసన ఉండదు, మల్లెలా ఆకట్టుకోదు. అయినా కోసిన పువ్వు చెక్కుచెదరకుండా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, జడలో మర్నాటికీ నిలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు పూస్తుంది కాబట్టి చిన్న రైతు ఇంట్లో రోజు ఖర్చుకు ఆధారం ఈ పంటే. శ్రావణమాసం ధర మీద ఆ ఇంటి పిల్లల ఫీజులు ఆధారపడి ఉన్నాయని ఆవిడ చెప్పారు.

వాళ్ల సమస్య ఇది. నాటిన మొదటి ఏడు పూలు బాగా వచ్చాయి. రెండో ఏడు మధ్యలో ఒకచోట కొన్ని మొక్కలు వడలిపోయి ఎండాయి. తర్వాత ఆ మచ్చ పెరిగింది, ఇంకో రెండు చోట్ల కొత్త మచ్చలు మొదలయ్యాయి. ఎండని మొక్కలు కూడా గిడసబారి, చిన్న ఆకులతో, పొట్టి కంకులతో నిలబడి ఉన్నాయి. మందుల షాపులో ఎండు తెగులని చెప్పి కాపర్ ఆక్సీక్లోరైడ్, కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశినులు మార్చి మార్చి వేర్ల దగ్గర పోయించారు. "మందు పోసినాక పదిరోజులు బాగుంటాది సార్, మళ్లీ మొదలైతాది. నీళ్లు బాగానే పార్తాండాయి, అయినా చెట్టు వాడిపోతాంది," అన్నారు ఆయన. (ఆ పక్క కనకాంబరాన్ని మొక్క అనరు, చెట్టే అంటారు.)

తడి ఉన్న నేలలో మొక్క వాడుతోందంటే వేరు నీళ్లు తాగలేకపోతోందని అర్థం. అయినా నేను వేరు తవ్వడానికి తొందరపడలేదు.

ముందు మొక్కను గుర్తించడం

ఢిల్లీ అనేది కనకాంబరంలో ఒక రకం పేరు. "ఇవన్నీ ఢిల్లీ చెట్లేనా?" అని అడిగితే, "ఢిల్లీవే సార్, నర్సరీలో అట్లనే చెప్పి ఇచ్చినారు," అన్నారు.

కనకాంబరం శాస్త్రీయ నామం క్రాసాండ్రా ఇన్ఫండిబులిఫార్మిస్. ఇది అకాంథేసీ కుటుంబం మొక్క. మన అడ్డసరం, నేలవేము, డిసెంబరు పూలు, ముళ్లగోరింట అన్నీ దీని చుట్టాలే. దక్షిణ భారతం, శ్రీలంక దీని సొంత నేల. మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా పెరిగే, ఏడాది పొడుగునా ఆకు రాల్చకుండా పచ్చగా ఉండే చిన్న పొద. ఆకులు నిగనిగలాడుతూ, అంచులు కాస్త అలలు అలలుగా ఉంటాయి. కొన్ని కణుపుల దగ్గర నాలుగేసి ఆకులు ఒకే చోట నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి. కంకి మీద ఆకుపచ్చ తొడిమాకులు ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉంటాయి, వాటి సందుల్లోంచి పూలు వస్తాయి. పువ్వుకు సన్నటి పొడవాటి గొట్టం, దాని కొసన ఒకే వైపుకు విసనకర్రలా విచ్చుకునే రేకు. కంకి కింది నుంచి పైకి, కొన్ని కొన్ని పూలుగా విచ్చుకుంటూ పోతుంది. అందుకే రోజు విడిచి రోజు కోత పెట్టుకుంటారు.

ఇంతవరకు అన్ని రకాలకూ ఒకటే. చిక్కంతా రకం దగ్గర వస్తుంది. మన దగ్గర సాగులో ఉన్నవాటిలో నాటు నారింజ రంగుది, పసుపు పూల లూటియా, ఎరుపు పూల సెబాకులిస్, ఢిల్లీ కనకాంబరం ముఖ్యమైనవి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అంబర, అర్క కనక, అర్క శ్రేయ, అర్క శ్రావ్య, అర్క చెన్న అనే రకాలు ఇచ్చింది. వీటిలో ఢిల్లీది ప్రత్యేకం. అది ట్రిప్లాయిడ్, అంటే కణంలో క్రోమోజోముల జట్లు రెండు ఉండాల్సింది మూడు ఉంటాయి. అందువల్ల పుప్పొడి, అండాలు సరిగ్గా తయారుకావు, గింజ కట్టదు. పువ్వు పెద్దది, దిగుబడి ఎక్కువ. గింజ మీద శక్తి పెట్టని మొక్క పూత మీద పెడుతుంది. రైతు దీన్ని కోరుకోవడానికి కారణం అదే. దాన్ని పెంచాలంటే కొమ్మ కత్తిరింపులు తప్ప వేరే దారి లేకపోవడానికీ అదే కారణం.

చాలామంది రంగు చూసి రకం చెబుతారు. నేను ఒప్పుకోను. నీడ, ఎండ తీవ్రత, మొక్క ఆరోగ్యం మారితే అదే మొక్క పువ్వు రంగు లేతగానో ముదురుగానో కనిపిస్తుంది. రేకు వెడల్పు కూడా బలహీనమైన మొక్కలో తగ్గుతుంది. రోగం తగిలిన తోటలో ఈ రెండు గుర్తులూ మోసం చేస్తాయి. నమ్మదగిన గుర్తు ఎండిన కంకిలో ఉంటుంది. పూలు అయిపోయి ఎండిన కంకులను వేర్వేరు వరుసల నుంచి కోసి, తొడిమాకులు విప్పి చూడాలి. గింజ రకమైతే కింది వైపు గట్టి చిన్న కాయలు దొరుకుతాయి. కాయకు నాలుగు దాకా గింజలు. అసలైన ఢిల్లీ అయితే లోపల బోలుగా ఉంటుంది. ఇంకా సులువైన పరీక్ష కావాలంటే ఎండిన కంకులను గిన్నెలో నీళ్లలో వేయండి. ముదిరిన కాయ తడి తగలగానే టప్పున పేలి గింజలు విసురుతుంది. ఇంగ్లీషులో దీన్ని ఫైర్‌క్రాకర్ ఫ్లవర్ అంటారు. ఢిల్లీ కంకులు నీళ్లలో ఎంతసేపున్నా చప్పుడు చేయవు.

ఇంకో గుర్తు నేల మీద కనిపిస్తుంది. వాన పడ్డ తర్వాత మొక్కల కింద చిన్న చిన్న కనకాంబరం మొలకలు వచ్చాయంటే ఆ చుట్టుపక్కల గింజ రకం ఉన్నట్టే. ఢిల్లీ తోట కింద మొలకలు రావు.

ఈ తోటలో తూర్పు వైపు వరుసల కంకులన్నీ బోలు. పడమటి వైపు అక్కడక్కడా గిన్నెలో కాయలు పేలాయి. ఆవిడ ఆశ్చర్యపోయి తనే పరుగున వెళ్లి ఇంకొన్ని కంకులు తెచ్చి వేశారు. అప్పుడు అసలు కథ బయటపడింది. మొదట ఎండిపోయిన చోట్ల పక్క తోటలోని మొలకలు తెచ్చి సందులు పూడ్చారు. అంటే నర్సరీ ఇచ్చినవి నిజంగానే ఢిల్లీ మొక్కలు. గింజ రకం తర్వాత కలిసింది. నర్సరీ వాళ్లు రకం మార్చి ఇచ్చారేమోనన్న అనుమానం అక్కడితో పోయింది. కానీ ఇంకో ప్రశ్న మొదలైంది. ఢిల్లీ మొక్క కొమ్మ నుంచి వచ్చింది, ఆ కొమ్మకు ఎక్కడో ఒక మట్టిలో వేరు పోయించారు. ఆ మట్టి ఏది?

మచ్చల తీరు

తోట మొత్తం నాలుగు మూలలూ నడిచి మచ్చలను కాగితం మీద గీసుకున్నాను. ఈ పని ఎవరైనా చేయొచ్చు, ఖర్చు లేదు, దీనంత ఉపయోగపడేది ఇంకోటి లేదు. మచ్చలు చెల్లాచెదురుగా లేవు. ప్రతి మచ్చా గుండ్రంగా మొదలై, తర్వాత డ్రిప్పు పైపు వెంట, అంతరకృషి చేసిన దిశలో పొడవుగా సాగింది. మట్టితో కదిలేదేదో వ్యాపిస్తోంది. రెండో విషయం, మచ్చల్లో సందు పూడ్చడానికి నాటిన కొత్త మొలకలు కూడా గిడసబారాయి. వాటిని గింజ నుంచి మొలిచిన చోటి నుంచి తెచ్చారు, అక్కడ తోట బాగుంది. ఇక్కడ నాటాకే పాడయ్యాయి. కాబట్టి జబ్బు ఇప్పుడు ఈ నేలలో స్థిరపడింది.

ఆకుల్లో రెండు రకాల పసుపు కనిపించింది. ఇది విడదీయకపోతే చికిత్స అంతా దారి తప్పుతుంది. తోటంతా అక్కడక్కడా కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోయింది. అది ఇనుప ధాతు లోపం. అక్కడి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, నేల పీహెచ్ 8 దాటింది. కనకాంబరానికి 6 నుంచి 7.5 మధ్య హాయి. మచ్చల దగ్గర మాత్రం ఆకు మొత్తం పసుపుకు తిరిగి, గులాబీ ఛాయ పట్టి, చిన్నదైపోయింది. అది వేరు దెబ్బతిన్న గుర్తు. మొదటి దానికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పిచికారీ చాలు. రెండో దానికి ఎంత పిచికారీ చేసినా ప్రయోజనం లేదు.

అప్పుడు తవ్వాం. చచ్చిన మొక్కను తవ్వితే ఏమీ తెలియదు, అందులో కుళ్లు తినే జీవులన్నీ చేరిపోయి ఉంటాయి. మచ్చ అంచున, ఇంకా బతికి ఉన్న గిడసబారిన మొక్కను జానెడు లోతు నుంచి మట్టితో సహా ఎత్తాలి. బకెట్ నీళ్లలో మెల్లగా కడగాలి, లాగకూడదు. మంచి మొక్క వేరు లేత రంగులో, సన్నటి పీచు వేర్లతో గుబురుగా ఉంది. మచ్చ అంచు మొక్కకు పీచు వేర్లే లేవు. మిగిలిన వేర్ల మీద గోధుమ, నలుపు రంగు గీతల్లాంటి మచ్చలు. బుడిపెలు లేవు.

బుడిపెలు లేకపోవడమే ఇక్కడ తికమక పెట్టింది. నులిపురుగు (మట్టిలో ఉండి వేర్లను తినే, కంటికి కనిపించనంత చిన్న పురుగు, నెమటోడ్) అంటే టమాట, వంగ వేర్లలోలా బుడిపెలు ఉండాలని చాలామంది అనుకుంటారు. బుడిపెలు చేసేది మెలాయిడోగైన్ అనే జాతి. కనకాంబరానికి ఇంకో శత్రువు ఉంది, ప్రాటిలెంకస్ డెలాట్రై, అదీ నులిపురుగే. ఇది వేరులోకి దూరి, తింటూ, గాయాలు చేస్తూ, మళ్లీ మట్టిలోకి వచ్చి ఇంకో వేరులోకి పోతుంది. ఎక్కడా స్థిరంగా ఉండదు కాబట్టి బుడిపె కట్టదు. అది చేసిన గాయాల గుండా ఫ్యుజేరియం సోలాని అనే శిలీంధ్రం లోపలికి వెళ్తుంది. రెండూ కలిస్తేనే ఈ స్థాయి ఎండు కనిపిస్తుంది. శిలీంధ్రనాశిని పోస్తే పదిరోజులు ఎందుకు బాగుందో, మళ్లీ ఎందుకు మొదలైందో దీనితో తెలిసింది. మందు ఒకదాన్ని ఆపింది, దానికి తలుపు తీస్తున్న పురుగు అలాగే ఉంది.

నిర్ధారణకు వేర్లతో కలిపిన మట్టిని పాలిథీన్ సంచిలో మూటకట్టి, ఎండ తగలకుండా, ఆరిపోకుండా అదే రోజు ల్యాబ్‌కు పంపించాం. ఎండిన మట్టిలో పురుగులు చచ్చిపోతాయి, అప్పుడు రిపోర్ట్ శుభ్రంగా వచ్చి రైతు నష్టపోతాడు. ఫలితం ప్రాటిలెంకస్, ఫ్యుజేరియం రెండూ ఉన్నాయని వచ్చింది. పాలిథీన్ కవర్లో నర్సరీ మట్టితో వచ్చిన ఢిల్లీ మొక్కల చోటే తొలి మచ్చలు మొదలయ్యాయి కాబట్టి, అవి ఆ మట్టితోనే వచ్చి ఉండొచ్చని నా అభిప్రాయం. ఆ నేలలో ముందే లేవని మాత్రం రుజువు చేయలేను. ఆ నర్సరీ పేరు అవసరం లేదు. పొలం మట్టిని అలాగే కవర్లలో నింపి కొమ్మలు గుచ్చే పద్ధతి ఎక్కడున్నా ఈ ప్రమాదం ఉంటుంది.

ఏం చేశాం

ఆయన మొదట అడిగింది గుళికల గురించి. "ఏదైనా ఘాటైన గుళిక ఉంటే చెప్పండి సార్." ఒకప్పుడు ఫోరేట్ వేసేవారు, అది 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. నిషేధం లేకపోయినా నేను చెప్పేవాణ్ని కాదు. ఈ పూలను ఆడవాళ్లు చీకట్లో ఒట్టి చేతులతో కోస్తారు, మాల కట్టేటప్పుడు దారాన్ని పంటితో తెంపుతారు, తలలో పెట్టుకుంటారు. విషం వేయకూడని పంటల్లో దీన్ని నేను ముందు వరుసలో పెడతాను.

అరెకరంలో 60 × 40 సెంటీమీటర్ల దూరంలో ఎనిమిది వేలకు పైగా మొక్కలు పడతాయి. అన్నీ పీకేస్తే ఇల్లు గడవదు. బాగున్న తూర్పు భాగాన్ని శ్రావణం, దసరా దాటే దాకా ఉంచుదామని, మచ్చలున్న పడమటి భాగాన్ని వెంటనే తీసేద్దామని నిర్ణయించాం. తీసేటప్పుడు కాండం విరిచి పారేయకుండా వేర్లతో సహా తవ్వి తీసి, ఎండబెట్టి కాల్చారు. వేరు ముక్క నేలలో మిగిలితే పురుగుకు అదే ఇల్లు.

ఖాళీ అయిన నేలలో బంతి వేశారు. బంతి వేర్లలోని ఆల్ఫా టెర్థైనిల్ అనే పదార్థం నులిపురుగులను చంపుతుంది. గట్టు మీద నాలుగు మొక్కలు నాటితే ఆ లాభం రాదు. మొత్తం నేలంతా ఒత్తుగా, ఒక పూర్తి పంటకాలం ఉండాలి, కలుపు పెరగనివ్వకూడదు. దసరా, దీపావళికి బంతి అమ్ముడుపోతుంది కాబట్టి ఆ చోటు ఖాళీగా ఉందన్న బాధా లేదు. పూలయ్యాక చెట్లను అక్కడే కలియదున్నారు. ఆ తర్వాత మాగిన పశువుల ఎరువులో వేప పిండి, ట్రైకోడెర్మా, పర్పురియోసిలియం లిలాసినమ్ అనే మేలు చేసే శిలీంధ్రాలు కలిపి, నీడలో రెండు వారాలు తడి ఆరకుండా ఉంచి, బోదెల్లో వేశారు. వేప పిండి ఎకరాకు 400 కిలోల లెక్కన పడింది. ఖర్చు తగ్గించాలనుకుంటే నేను ముందు రసాయన ఎరువులు తగ్గించమంటాను, వేప పిండి తగ్గించమనను.

ఇక మొక్కల సంగతి. కొత్తగా కొనాలా, సొంతంగా చేసుకోవాలా అన్న చర్చ వచ్చింది. ప్రాటిలెంకస్ ఉండేది వేర్లలో, మట్టిలో. ఢిల్లీ రకం లక్షణం ఉన్నది మొక్క మొత్తంలో, కొమ్మ కొసతో సహా. కాబట్టి జబ్బు పట్టిన తోటలోని ఆరోగ్యంగా ఉన్న మొక్క చిగురు కొమ్మను, నేలకు తగలకుండా పై భాగం నుంచి కత్తిరించి, శుభ్రమైన మాధ్యమంలో వేరు పోయిస్తే రకం మనకు దక్కుతుంది, పురుగు వెనకే ఉండిపోతుంది.  కంకుల పరీక్షలో బోలుగా తేలిన తూర్పు మొక్కల్లో బాగా పూసేవాటికి రిబ్బన్లు కట్టి తల్లి మొక్కలుగా పెట్టుకున్నాం. రకాన్ని ముందే గుర్తించకపోయి ఉంటే గింజ రకం కొమ్మలూ వీటిలో కలిసిపోయేవి.

కత్తిరింపు పద్ధతి ఇది. పూతలేని, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మ కొసలు, 10 నుంచి 12 సెంటీమీటర్లు. కింది ఆకులు తీసేసి, కణుపుకు కాస్త కింద పదునైన బ్లేడుతో కోయాలి. బ్లేడును స్పిరిట్‌తో తుడుస్తూ ఉండాలి. వేరు పోసే పొడిలో అద్ది, కొబ్బరి పొట్టు, ఇసుక కలిపి నింపిన ప్రోట్రేలలో (చిన్న చిన్న గుంటలున్న నారు ట్రేలలో) గుచ్చాలి. ఇసుకను ముందే తడిపి, ఏప్రిల్, మే ఎండల్లో పలుచటి పారదర్శక పాలిథీన్ కింద నాలుగు నుంచి ఆరు వారాలు ఉడకనివ్వాలి. రాయలసీమ ఎండ ఈ పనికి బాగా పనికొస్తుంది. ట్రేలను నేల మీద పెట్టవద్దు. ఈ తోటలో పాత మంచం మీద పెట్టారు. షేడ్‌నెట్ కింద, గాలిలో తేమ ఉండేలా రోజుకు కొన్నిసార్లు నీళ్లు చిలకరిస్తే మూడు నాలుగు వారాల్లో వేళ్లొస్తాయి. తొందరపడి వచ్చే కంకులను తుంచేయాలి. ఈ పని మొత్తం ఆవిడే చూసుకున్నారు. నీళ్లు ఎక్కువైతే కొమ్మ నల్లబడుతోందని నేను చెప్పకముందే గమనించి సరిచేసుకున్నారు.

నేల పీహెచ్ ఒక్కసారిగా తగ్గదు. ఆ విషయంలో పశువుల ఎరువు పెంచడం, కొత్త ఆకులు పాలిపోయినప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, కాస్త నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయడం వరకే పెట్టుకున్నాం.

తర్వాత ఏడు

పడమటి భాగంలో సొంత మొక్కలు నాటాక వేర్లు తవ్వి చూస్తే పీచు వేర్లు దట్టంగా ఉన్నాయి. ఆకుల్లో గులాబీ ఛాయ లేదు. కంకులు పొడవు సాగాయి. పూల తూకం తొలి ఏటి స్థాయికి వచ్చిందని ఆయన చెప్పారు. శిలీంధ్రనాశిని పోయడం ఆగిపోయింది, అదే పెద్ద ఆదా. అయితే తోట దిగువ చివర, వాన నీళ్లు నిలిచే చోట మళ్లీ కొన్ని మొక్కలు వడలాయి. అక్కడ వేరు తవ్వితే కుళ్లు ఉంది, నులిపురుగు గీతలు తక్కువ. మురుగు కాలువ తీయించాం. ఆ మూలలో కనకాంబరం వద్దని నా సలహా, ఇంకొక్క ఏడు చూస్తానని ఆయన అన్నారు.

ఈ పద్ధతిలో నులిపురుగు పూర్తిగా పోదు. సంఖ్య తగ్గుతుంది, మొక్క తట్టుకునేంత తక్కువలో ఉంటుంది. కనకాంబరం తీశాక టమాట, వంగ వేస్తామంటే వద్దన్నాను. అవి ఇంకో జాతి నులిపురుగును పోషిస్తాయి. మళ్లీ బంతి, తర్వాత కనకాంబరం అనే వరస పెట్టుకున్నారు.

ఇంటి కుండీల్లో పెంచుకునేవారికీ ఇందులో పనికొచ్చేది ఉంది. మిద్దె మీద కనకాంబరం రెండో ఏడు చిన్నబోతే ముందు కుండీలోంచి తీసి వేరు కడిగి చూడండి. వేరు నల్లబడి ఉంటే పాత మట్టిని పారేసి, కొస కొమ్మలతో కొత్త మొక్క చేసుకోండి. సగం రోజు ఎండ చాలు. ఎండిన కంకులు తుంచేస్తుంటే కొత్తవి వస్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు కుండీల్లో పెంచుతుంటారు. చలి మొదలవగానే లోపల పెట్టాలి, ఈ మొక్క మంచును అసలు తట్టుకోదు.

ఇప్పుడు ఆ ఇంట్లో పక్క ఊరి రైతుల కోసమూ ట్రేలు సిద్ధమవుతున్నాయి. ఇచ్చేముందు ఆవిడ రెండు పనులు చేస్తున్నారు. తల్లి మొక్కల ఎండు కంకులను నీళ్లలో వేసి చూపిస్తారు. ఒక మొక్కను ట్రేలోంచి లాగి వేరు చూపిస్తారు. కొన్నవాళ్లకు ఆవిడ చెప్పేది ఒకటే: "ఈడ నుంచి మట్టి మాత్రం తీసుకపోవద్దండి." వానలు తగ్గాక మచ్చల అంచుల నుంచి మళ్లీ మట్టి నమూనా పంపించాలని అనుకున్నాం.